వీపు వెనక మూడు ప్రశ్నలు

మార్చి 12, బుధవారం

బావకి,

నమస్కారం. అందరం క్షేమమని మొదలుపెట్టడం ఉత్తరానికి మర్యాద. ఈసారి ఆ మర్యాద నాకు చేతకావడం లేదు. వంతెన పనిలో నువ్వు కులాసాగా ఉన్నావనుకుని ఇక్కడి సంగతి రాస్తున్నాను. ఫోన్ చేసేవాణ్ణే. మధ్యలో "ఒరే కరపత్రం, ఉపన్యాసం ఆపి విషయానికి రా" అంటావని చెయ్యలేదు.

అక్క కేసులో వైద్య పరీక్ష అయింది. ఓడిపోయాం. పదహారేళ్ళు మరమగ్గాల మోతలో నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి గురించి కంపెనీ తరఫు డాక్టరు రాసిన మాట ఇది: వినికిడి సరిగానే ఉంది, చెవుడు నటిస్తోంది. పరిహారం సంగతి అటుంచు. ఒకటో తారీఖు నుంచి మళ్ళీ అదే షెడ్డుకి రావాలట. రాకపోతే పేరు కొట్టేస్తారట. అక్కడికి వెళితే ఆ మిగిలిన కాస్తా పోతుంది.

చెవులకి యంత్రం తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా గుండీ నొక్కమన్నారు. అక్క నాలుగైదు సార్లకి మించి నొక్కలేదు. నొక్కకుండా కూర్చోవడం ఎవరికైనా చేతనవుతుందన్నాడు డాక్టరు, నవ్వు మొహంతోనే. నాకు ఒళ్ళు మండింది. లేచి, యంత్రం శ్రామికుడి ఒంటిని తింటుంది, ఆ ఎంగిలి మూతిని తుడిచేవాడే కంపెనీ వైద్యుడని, చదివింది చదివినట్టు అప్పజెప్పాను. ఆయన తాపీగా, బాగా చదువుతావు బాబూ, తోడొచ్చినవాళ్ళు కూర్చోవచ్చు గాని మాట్లాడకూడదు, వెళ్ళి ఆ గోడ దగ్గర కూర్చో అన్నాడు.

అక్కని స్టూలు మీద నాకేసి తిప్పి కూర్చోబెట్టి, తను ఆమె వీపు వెనక నిలబడ్డాడు. షెడ్డులో మేం పెదాలు చూసి మాటలు పట్టుకుంటామని ఆయనకి తెలుసు. కాగితంలోకి చూస్తూ మామూలు గొంతుతో మూడు ప్రశ్నలు వేశాడు. పిల్లలెందరని అడిగితే ఇద్దరంది. ఏ మగ్గం మీద పనంటే, కిటికీ పక్కది, ఊరికే దారం తెగుతుంటుంది, మేస్త్రీకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టిందండీ అంది. మూడోదానికీ చెప్పింది.

వెనక నుంచి అడిగితే ఎలా వినపడిందంటావు. ప్లీడరూ అదే అడిగాడు. అక్కకి ఎదురుగా మందుల బీరువా ఉంది. దాని అద్దంలో డాక్టరు పెదాలు కనపడ్డాయి. ట్రిబ్యునల్‌కి అప్పీలు అలాగే రాసి దీంతో జతచేశాను. భర్తగా నువ్వూ సంతకం చేసి పంపు.

ఆ గది నన్ను వదలడం లేదు బావా. మగ్గాల మధ్య నిలబడినా చుట్టూ ఆ సున్నం గోడలే. గడ్డం గీసుకోబోతే నా నోరు నేను చూసుకోలేక అద్దం బోర్లా పెడుతున్నాను. అక్క మొహాలకేసి చూడటం మానేసింది. చూస్తే మాట తెలుస్తుంది, తెలిసి జవాబిస్తే నటన అంటారు. పిల్లలు గడ్డం పట్టుకుని తిప్పుకుంటే కళ్ళు మూసుకుంటోంది. అమ్మకి పగలే నిద్రేంటి మామయ్యా అని నిన్న చిన్నది అడిగింది.

ఇట్లు,
నీ బావమరిది,
నువ్వు పెట్టిన పేరుతో కరపత్రం

తా.క.: సంతకం చెయ్యొద్దు. అప్పీలు చింపెయ్. బీరువాకి అద్దం లేదు. అది బూడిదరంగు రేకు బీరువా.

షెడ్డులో మేస్త్రీ ఎవరి వెనక నుంచైనా ఏదన్నా చెబితే, ఎదురుగా ఉన్నవాళ్ళం ఆ మాట పెదాలతో వాళ్ళకి అందిస్తాం. ఎవరూ అడగనక్కర్లేదు. రెప్ప పడ్డట్టు జరిగిపోతుంది. ఆ గదిలో అక్కకి ఎదురుగా ఉన్నది నేను. మూడు ప్రశ్నలూ నేనే అందించాను. డాక్టరు రాయడం మొదలుపెట్టాకే నా పెదాలు కదిలాయని నాకు తెలిసింది. అప్పుడైనా చెప్పాల్సింది. పరీక్షలో జోక్యం చేసుకుంటే ఉద్యోగం తీసేస్తామన్న కాగితం మీద లోపలికి వెళ్ళేముందు నాచేత సంతకం పెట్టించారు. ఊరందరికీ ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, అక్కడ నోరు మూసుకున్నాను. అక్కకి తెలుసు. ప్లీడరు గుచ్చి గుచ్చి అడిగినా ఎలా వినపడిందో తెలియదనే చెప్పింది.

జరిగింది జరిగినట్టు రాసి రేపు పొద్దున్నే ట్రిబ్యునల్లో ఇస్తున్నాను. మళ్ళీ పరీక్ష పెడితే తోడు నువ్వు రా. అక్క వెనక కూర్చో.

మూడో ప్రశ్న పైన రాయలేకపోయాను. ఎదురుగా కూర్చున్న ఈ అబ్బాయి నీకేమవుతాడని అడిగాడు. అదీ అందించాను. అక్క నా నోటికేసి చూసి నవ్వింది. నా తమ్ముడండీ, పని మానుకుని మరీ నాకు తోడొచ్చాడు అంది.