టెంకాయాయన యాడుంటాడు?

అమ్మా, నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. ఫోన్‌లో చెబితే నాయన చెవిన పడుతుందని కార్డు రాస్తున్నాను.

నిన్న కదిరిలో మన బోరు మీద కట్టిన ర్యాప్ పాట పాడాను. భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చూసే ఆయన అరచేతిలో టెంకాయ లేచి నిలబడడం, నాయన అది నమ్మి బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాకపోవడం, అంతా పాడాను. జనం ఈలలేశారు. స్టేజి దిగగానే ఒక రైతు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఆ టెంకాయాయన యాడుంటాడు? మా చేనికీ పిల్చుకోని పోవల్ల."

దుమ్ము సంగతి ఆయన చెవికే ఎక్కలేదమ్మా.

గొర్రెలకు మేత దొరుకుతోందా? నాయన మళ్లీ బోరు మాట ఎత్తుతున్నాడా? ఇంట్లో టెంకాయలుంటే పచ్చడి నూరెయ్యి. చెల్లెలు నందినికి నా ఆశీస్సులు. నాయనకు మాత్రం నా పాట వినిపించొద్దు. ఆయనకు మళ్లీ ఆశ పుడుతుంది.

నీ కొడుకు,
దివాకర్