మెట్ల మీద ఫ్రిజ్

హైఫా

అబూ ఫరీద్,

పాదం వాపు తగ్గిందని మీ కోడలు చెప్పింది. మొహం చూపించే ధైర్యం లేక, పై అంతస్తు నుంచి కింది అంతస్తుకి ఉత్తరం రాస్తున్నాను. నవ్వుకో.

ఆ రోజు యుద్ధాల్లో పోయిన మా సైనికుల్ని తలుచుకునే రోజని నాకు గుర్తుంది. రెండు నిమిషాల మౌనానికి సైరన్ మోగేలోపే నా కొత్త ఫ్రిజ్ పైకి చేర్చేద్దామనుకున్నాను. మోగేసరికి మనం మెట్ల మలుపులో ఉన్నాం. సైరన్ వినిపిస్తే చేతులు దించి, తల వంచి నిలబడటం మాకు బళ్ళో నేర్పిన అలవాటు. దించేశాను. ఫ్రిజ్ నీ మీదికి జారింది.

"పట్టుకోవయ్యా, చచ్చిపోతున్నా!" అని నువ్వు అరుస్తుంటే నేనేమనుకున్నానో తెలుసా? యుద్ధంలో చనిపోయిన మా తమ్ముడి కోసం రెండు నిమిషాలు నోరు మూసుకోలేడా ఈ మనిషి, అని! మీ నాన్న ఊరిని నేలమట్టం చేసిన మా సైన్యం కోసం నువ్వెందుకు మౌనంగా ఉండాలో, ఇన్నేళ్ళుగా నీ కాఫీ తాగుతూ ఒక్కసారీ ఆలోచించలేదు.

మా ఆవిడది అప్పట్నుంచీ ఒకటే పోరు. "పోయినవాళ్ళ కోసం నిలబడ్డావు సరే, ఉన్నవాడి కాలు నలగ్గొట్టావు కదయ్యా!"

మీ అరబ్బులు ఊళ్ళు పోగొట్టుకున్నందుకు తలుచుకునే రోజు వచ్చే నెలలో కదా. ఆ రోజు నీ పాత బీరువా కింద వీధిలోకి దించుదాం. కింది మెట్టు మీద నేనుంటాను. మీ నాన్న గుర్తొస్తే వదిలెయ్యి.

వదిలేముందు ఒక్క మాట చెప్పు. నేను నీకు అదీ చెప్పలేదు.

ఇట్లు,
నీ పై అంతస్తు దేశభక్తుడు