మోకాలికి పురుడు

2024 సెప్టెంబర్ 12
హిందూపురం డాక్టరు డేట్ ఇచ్చాడు. నవంబర్ 21. ముందు కుడి మోకాలు, ఎడమది తర్వాత. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు. ఎముకకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన సందు లేదు. ఆపరేషన్ అయ్యాక నేల మీద కూర్చోవడం మరిచిపోవాలమ్మా అన్నాడు. సరే అన్నాను.

నా పనంతా నేల మీదే. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా దానికి మెలిపెట్టి అతకాలి. దీన్నే అచ్చు అతకడం అంటాం. వేల పోగులు. కాళ్ళు మడిచి కూర్చుంటేనే చెయ్యి అందుతుంది. ఇంట్లో మూడు మగ్గాలు. మూడింటికీ నేనే.

ధర్మవరంలో రైలు దిగి ఆటో ఎక్కాక మా ఆయన ఓబుళప్ప నోరు విప్పాడు. మరి అచ్చు ఎవురు అతుకుతారు అన్నాడు.

సెప్టెంబర్ 29, మధ్యాహ్నం
ఇంగ్లండ్ నుంచి నా ఆడబిడ్డ నీలావతి ఫోన్. ఆమెకూ మోకాలే. అక్కడ ఖర్చు లేదు, క్యూ ఉంది. వచ్చే ఏడాది చివర్లో పిలుస్తారట. బాత్‌రూమ్ మేడమీద ఉండాది వదినా, పిల్లోల్ల మాదిరి మెట్ల మీద కూచోని కూచోని దిగతాండా అంది. నవ్వింది. తర్వాత ఏడ్చింది.

ఆమె నొప్పి నిజం. అది ముందే రాసిపెడుతున్నాను.

అక్టోబర్ 2
వీడియో కాల్ మీటింగ్. నీలావతి ఇక్కడికొచ్చి చేయించుకోవాలా, అక్కడే ఆగాలా అని. అందరూ ఒకేసారి మాట్లాడారు.

నీలావతి భర్త శంకరప్ప అక్కడే ఆగమంటాడు. ఈడైతే ఇంటికొచ్చి నడిపించి పోతారు, ఆడ చేయించుకోని వస్తే రేపు ఏమన్నా అయితే ఆ డాక్టర్ని యాడ ఎతికేది అన్నాడు. అత్త రుక్మిణమ్మ ఫోన్ లాక్కుంది. ఏమప్పా, ఆడపిల్ల ఒళ్ళు కోయించుకునేది పుట్టినింట్లోనే, రెండు కాన్పులూ ఈడనే చేసి పంపినాము, ఇదీ అట్లాంటిదే అంది. మోకాలికి పురుడేందత్తా అని శంకరప్ప నవ్వాడు. అత్త నవ్వలేదు.

నన్నూ అడిగారు. అక్కడే మంచిది అన్నాను. కోసేది రెండు గంటల పని, నడిపించేది రెండు నెలల పని, ఆ రెండు నెలలకు అక్కడ మనుషులున్నారు అని చెప్పాను. అది నిజం. ఆమె వస్తే చాకిరీ నాది అన్నదీ నిజం. అది చెప్పలేదు. అయినా అత్తకు వినపడింది.

అక్టోబర్ 3
నీలావతి టికెట్ కొనేసింది.

అక్టోబర్ 6
ఒకే ఇంట్లో ఇద్దరు మంచం పడితే వండేదెవరు, ఎత్తేదెవరు? ప్రశ్న నేనే వేశాను. తప్పు చేశాను. ఆయన దగ్గర జవాబు తయారుగా ఉంది. నీది ఆర్నెల్లు ఆగితే ఏం పోతాది, ఆ డేట్ దానికిచ్చేద్దాం అన్నాడు. సినిమా టికెట్ ఇచ్చేసినట్టు.

అక్టోబర్ 8
ఇచ్చేశారు. డాక్టరు కూడా ఒప్పుకున్నాడు.

నవంబర్ 22, హిందూపురం
నిన్న ఆపరేషన్ బాగా జరిగింది. ఈ రోజు ఫిజియో అమ్మాయి వచ్చి నీలావతిని వాకర్ పట్టించి నిలబెట్టింది. నీలావతి వార్డంతా వినపడేలా అరిచింది. అయినా తలుపు దాకా నడిచింది. మొదటి వారాల్లో వంచితేనే వంగుతుందమ్మా, తర్వాత బిగుసుకుంటుంది అని ఫిజియో నాకు చెప్పింది. ఎక్సర్‌సైజులు నా చేత చేయించి చూసుకుంది. నా కాలితోనే చేసి చూపించాను. మీ మోకాలు ఇంత శబ్దం చేస్తోందేమిటి అంది.

నవంబర్ 25
ఇంటికి తెచ్చాం. అత్త గది సిద్ధం చేసి పెట్టింది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. సాంబ్రాణి పొగ. నీలావతి తలకు గుడ్డ చుట్టి, చెవుల్లో దూది పెట్టింది. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, మరగబెట్టిన నీళ్ళు. పచ్చి ఒళ్ళు, పదహైదు దినాలు కాలు కింద పెట్టగూడదు అని ఆజ్ఞ. వాకర్ మంచం కిందికి పోయింది.

ఇంత సుఖం చూసి ఎన్నేళ్ళయ్యిందో వదినా, ఆడ నాకు నీళ్ళు ముంచిచ్చేటోళ్ళు లేరు అంది నీలావతి. ఆమెను తప్పు పట్టలేను.

నవంబర్ 27
ఊళ్ళో ఉన్న ఫిజియోను పిలిపించాను. బట్టతల మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి. అత్త గడప దగ్గరే ఆపింది. ఏమబ్బా, బాలింత గదిలోకి మగోడు వస్తాడా అంది. ఆయన గదిలోకి తొంగి చూశాడు. ఉయ్యాల కోసం వెతికినట్టున్నాడు పాపం. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నవంబర్ 28
అత్తకు చెప్పాను, ఇది కాన్పు కాదు, పడుకోబెడితే కాలు పాడవుతుంది అని. నీ డేట్ పోయిందని కుళ్ళు, అది సుఖంగా పండుకుంటే నీకు ఓర్వలేదు అంది.

నవంబర్ 30
నీలావతికి చెప్పాను. వాకర్ బయటికి తీశాను. రేపట్నుంచి వదినా, ఈ పొద్దు శానా నొప్పి అంది. ఆయనకు చెప్పాను. అమ్మకు తెలీదా, మా ఇద్దర్ని కనింది గదా అన్నాడు.

డిసెంబర్ 1
చెప్పడం మానేశాను.

అలిసిపోయి మానేశానా, కావాలని మానేశానా? రెండూ.

డిసెంబర్ 9
బెడ్‌పాన్ పెట్టడానికి వంగుతాను. తీసుకుని లేవడానికి మంచం కోడు పట్టుకుంటాను. వేడినీళ్ళు, పథ్యం వంట, మధ్యలో అచ్చు అతకడం. వదినకు మోకాళ్ళు బాగయినట్టుండాయే అని నీలావతి అత్తతో అంటోంది. ఎగతాళి కాదు. నిజంగానే అనుకుంది.

2025 జనవరి 6, హిందూపురం
చెకప్. అత్త చెప్పిన పదహైదు దినాలు నెల దాకా సాగాయి. తొంభై డిగ్రీలు వంగాల్సిన కాలు సగం కూడా వంగలేదు. మత్తిచ్చి వంచాలి, అయినా పూర్తిగా వస్తుందని చెప్పలేను అన్నాడు డాక్టరు. నడిపించమన్నాం కదా, ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు అని గద్దించాడు.

అత్త, ఆయన, నీలావతి, ముగ్గురూ నా వైపు చూశారు.

జనవరి 23
నీలావతి వెళ్ళిపోయింది. బెంగళూరు ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ చెప్పి పెట్టారు. మత్తిచ్చి వంచినా కాలు కొంచెమే వంగింది. కారెక్కేటప్పుడు ఆ కాలు లోపల పెట్టడానికి ముందు సీటు వెనక్కి తొయ్యాల్సి వచ్చింది. ఆడనే చేయించుకోని ఉంటే బాగుండు వదినా అంది. మొదట నేనన్నది అదే. ఆమెకు గుర్తు లేదు. గుర్తు చెయ్యలేదు.

ఫిబ్రవరి 4
నా డేట్ సంగతి ఎత్తాను. ఇంగ్లండు దానికే వంగలేదు, నీకేం వంగుతాది అన్నాడు ఆయన. ఆపరేషన్లు మా ఇంటికి అచ్చిరాలేదు అంది అత్త.

ఆ కాలు ఎందుకు వంగలేదో వాళ్ళకు చెప్పొచ్చు. చెబితే నేను నోరు మూసుకున్న రోజులూ చెప్పాలి. ఆమె మోకాలు ఇప్పుడు నా మోకాలి మీద సాక్ష్యం చెబుతోంది. ఆ సాక్షిని తయారుచేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఫిబ్రవరి 11, పెనుకొండ
తమ్ముడింటికి వచ్చాను. వాడి భార్య ఈరక్క సంగతంతా విని నా కాళ్ళకు నూనె రాసింది. వచ్చేయి వదినా, ఇది నీ పుట్టినిల్లు, నేను చూసుకుంటా అంది. ఆ మాట వినడానికే వచ్చానని అప్పుడు తెలిసింది.

తర్వాత అంది: పదహైదు దినాలు నిన్ను మంచం దిగనిస్తే నా పేరు ఈరక్క కాదు. పాత బియ్యం ఎవరింట్లో ఉన్నాయో అప్పుడే తమ్ముణ్ణి అడుగుతోంది.

వద్దన్నాను. మా చాకిరీ నీకు పనికిరాదా అని ఏడ్చింది. ఎంత చెప్పినా అర్థం కాలేదు. ప్రేమ ఉన్నచోట ఫిజియో మాట చెల్లదు. చివరికి ఒక్క సాయం అడిగాను. హిందూపురం వచ్చి ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టి, సాయంత్రం రైలుకు వెళ్ళిపొమ్మన్నాను. ముక్కు చీదుకుంటూ ఒప్పుకుంది.

మార్చి 5
ఆయనకు చెప్పాను. మళ్ళీ డేట్ తీసుకున్నాను, పదమూడున వెళ్తున్నాను, ఆస్పత్రి వెనకాల గది మాట్లాడుకున్నాను, నడిచేదాకా అక్కడే ఉంటాను అని. ఎవురి మీద పంతం అన్నాడు. మోకాలి మీద అన్నాను. అచ్చు అతికే మనిషిని చూసుకోమన్నాను. అప్పుడు మాత్రం లేచి నిలబడ్డాడు.



మార్చి 13, హిందూపురం
ఈరక్క సంతకం పెట్టింది. వెళ్ళలేక వెళ్ళింది. సంచిలో వెల్లుల్లి కారం సీసా వదిలి పోయింది. ఆ సీసా పక్క బెడ్ ఆమెకు ఇచ్చేశాను. రేపు ఉదయం నాదే మొదటి కేసు.

మార్చి 15
కాలు కింద పెట్టాను. అరిచాను. పట్టుకోవడానికి మా వాళ్ళెవరూ లేరు. వద్దనడానికీ లేరు.