మూడో సిలిండర్

14 జూలై 2002, ఆదివారం

మణిశంకర్ నా షెడ్డులో చేరి ఇవాళ్టికి వారం. నేనే పిలిచాను. ఇది గుర్తుండటానికి రాసుకుంటున్నాను, నేనే పిలిచానని. చెన్నైలో రేసు కార్ల దగ్గర ఆరేళ్ళు పనిచేసి రాజమండ్రి వచ్చేశాడు. సొంత షెడ్డు లేదు. మోరంపూడిలో నా షెడ్డు వెనక సగం ఖాళీగా ఉంది. అరిగిన సిలిండర్లకి రీబోరింగ్, ఇంజన్ పైన మూతలా కూర్చునే హెడ్డు పని నాది. ఇంజన్ బిగించడం, ట్యూనింగ్ వాడిది. అలా అనుకున్నాం.

వాళ్ళది అమలాపురం దగ్గర పురోహితుల కుటుంబం. రోజంతా ఇంజన్లో చేతులు పెట్టినా సాయంత్రానికి గోళ్ళలో గ్రీజు ఉండదు. ఎలా ఉండదో నాకు అర్థం కాదు.

22 జూలై

ఉదయ్‌భాస్కర్ గారు తన హోండా సిటీ వీటెక్ తెచ్చారు. ఆయనకి తణుకులో రెండు రైసు మిల్లులు, ఒంట్లో కార్ల పిచ్చి. ఫిబ్రవరిలో చెన్నైలో టైమ్ ట్రయల్ ఉంది. ట్రాక్ మీద ఒక్కో కారు ఒంటరిగా తిరగాలి, ఎవరు తక్కువ టైములో తిరిగితే వాళ్ళు ఫస్టు. అందులో గెలవాలట. టర్బో పెట్టించేద్దామా అని అడిగారు.

మణిశంకర్ వద్దన్నాడు. టర్బో పెడితే పెద్ద కార్ల క్లాసులోకి తోసేస్తారండి, ఈ ఇంజన్ తన ఊపిరి తనే పీల్చుకుని పరిగెత్తాలండి, పీల్చుకునే దారి మనం వెడల్పు చేద్దాం అన్నాడు. ఉదయ్‌భాస్కర్ గారు దణ్ణం పెట్టినంత పని చేశారు.

నేనూ వద్దనే అనబోయాను. వాడు ముందు అనేశాడు.

9 ఆగస్టు

సత్యవాణి ఈ మధ్య క్యారేజీలో చేపల పులుసు పెట్టడం మానేసింది. అడిగితే, పక్కన కూర్చునే మణిశంకర్ గారికి వాసన పడదు కదండీ అంది. నా షెడ్డు. నా క్యారేజీ. నా పెళ్ళాం.

3 నవంబర్

హెడ్డు పోర్టింగ్ అయింది. గాలి లోపలికి వెళ్ళే దారులు నాలుగూ చిన్న గ్రైండరుతో, తర్వాత ఎమెరీ కాగితంతో పద్దెనిమిది రోజులు రుద్దాను. కళ్ళు మూసుకుని వేలు పెడితే ఎక్కడా ఆగకూడదు. ఆగలేదు. ఇంత బాగా ఇంతకుముందెప్పుడూ చెయ్యలేదు.

ఉదయ్‌భాస్కర్ గారు వచ్చి చూసి, బాగా వచ్చిందా అని మణిశంకర్ని అడిగారు. నన్ను కాదు. వాడేమో, చెన్నై మొత్తం తిరిగినా ఇలాంటి చెయ్యి దొరకదండి అన్నాడు. తిడితే బాగుండేది. నా పనికి వాడి సర్టిఫికెట్టు ఏంటి?

20 జనవరి 2003

జపాన్ నుంచి క్యామ్‌షాఫ్ట్ వచ్చింది. పాతదానికంటే వాల్వుల్ని ఎక్కువ లోతుకి దించుతుంది, దాంతో గాలి ఎక్కువ లోపలికి వస్తుంది. వాడు దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని షెడ్డంతా తిరిగాడు.

కంప్రెషన్ పెరగాలి కాబట్టి హెడ్డు అడుగు భాగం ముప్పావు మిల్లీమీటరు చెక్కి తీయమన్నాడు. కాగితం మీద లెక్క వేసి ఇచ్చాడు. వాల్వు దిగేటప్పుడు పిస్టన్‌కి ఎంత దూరంలో ఉంటుందో కూడా అందులోనే ఉంది. అందమైన రాత. ముప్పావే తీశాను, వెంట్రుకంత తేడా లేకుండా.

మెషిన్ ఆపాక గుర్తొచ్చింది. నిరుడు వేసవిలో రేడియేటర్లో నీళ్ళు అయిపోయి ఈ హెడ్డు హీటెక్కి వంగితే, అప్పుడు ఇంకో పావు మిల్లీ తీసింది నేనే. మణిశంకర్ అప్పటికి రాలేదు. వాడి లెక్కలో ఆ పావు లేదు. వాల్వు పిస్టన్‌కి ఇంకా ఆ పావు దగ్గరవుతుంది.

అడగలేదు కదా. నేనూ చెప్పలేదు.

2 ఫిబ్రవరి, ఆదివారం, మధ్యాహ్నం 3

మణిశంకర్, భార్య శ్రీసుధ గారూ వ్రతానికి అన్నవరం వెళ్ళారు. షెడ్డులో నేనొక్కణ్ణే. ఇంటి నుంచి గోధుమపిండి ముద్ద తెచ్చాను.

మా నాన్న గోదావరి లాంచీల ఇంజన్లకి ఇలాగే చూసేవాడు. పిస్టన్ మీద పిండి అద్ది, పైన నూనె రాసి, హెడ్డు పెట్టి, చేత్తో రెండు చుట్లు తిప్పేవాడు. వాల్వు దిగి పిండిని నొక్కుతుంది. విప్పి, బ్లేడుతో కోసి, పల్చగా ఉన్నచోట కొలిస్తే వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎంత సందు ఉందో తెలిసిపోతుంది. మణిశంకర్‌కి మొదట్లో ఒకసారి చేసి చూపించాను. చాలా ఇష్టపడ్డాడు, కానీ కాగితం మీద అంతకంటే కచ్చితంగా వస్తుందండి అన్నాడు.

పాత గ్యాస్కెట్ వేసి బిగించి, తిప్పి, విప్పాను. వాడి లెక్క ప్రకారం ఒకటిన్నర మిల్లీ ఉండాలి. మూడు సిలిండర్లలో ఒకటింపావు ఉంది. మూడో సిలిండర్లో, హెడ్డు వంగింది అక్కడే కాబట్టి, ముప్పావే. చేత్తో తిప్పితే తగలదు. ఊళ్ళో నడిపినా తగలదు. ట్రాక్ మీద ఏడున్నర వేల ఆర్పీఎం తొక్కితే మాత్రం తగులుతుంది. వాల్వు విరిగి పిస్టన్లో దిగబడుతుంది. ఇంజన్ మొత్తం పోతుంది. అందరి ముందూ, చెన్నైలో, వాడి పాత స్నేహితులు చూస్తుండగా.

నాకు భయం వెయ్యాలి. సంతోషం వేసింది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

3 ఫిబ్రవరి

చెప్పలేదు. అన్నవరం ప్రసాదం ఇచ్చాడు. తిన్నాను.

5 ఫిబ్రవరి

హెడ్డు బిగించేశాడు. బోల్టులు బిగించే ముందు ఒకసారి ఆగి నా వైపు చూశాడు. నేను లేతు మీద పని ఉన్నట్టు అటు తిరిగాను.

8 ఫిబ్రవరి

ఇంజన్ స్టార్ట్ అయింది. పక్క షెడ్లవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. ఆ శబ్దం గురించి రాయకూడదనుకున్నాను, కానీ బాగుంది. చాలా బాగుంది. నాలుగు వేలు దాటించకుండా జంగారెడ్డిగూడెం దాకా వెళ్ళొచ్చారు. అందరూ వాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ శబ్దంలో సగం నా పోర్టులది.

13 ఫిబ్రవరి, గురువారం

కారుని లారీ ఎక్కించారు. తాళ్ళు కట్టేటప్పుడు మణిశంకర్ నా దగ్గరికి వచ్చాడు. హెడ్డు బిగించేరోజు మూడో పిస్టన్ గుంటలో చిన్న తెల్ల పిండి తునక కనపడిందండి అన్నాడు.

వాడేమన్నాడో అన్నట్టే రాస్తాను. కొత్త క్యామ్ కదండీ, నా లెక్క మీద నాకే రెండ్రోజులు నిద్ర లేదండి, ఆ పిండి చూశాక నిద్ర పట్టింది, రాజేంద్ర గారు చూశారు, తేడా ఉంటే చెప్పేవారు, చెప్పలేదంటే సరిపోయినట్టే అనుకుని బిగించేశానండి అన్నాడు. నన్ను నమ్మనట్టు అవుతుందేమోనని ఇన్నాళ్ళూ అడగలేదట. థ్యాంక్సండి అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. నా చేతికి గ్రీజు ఉంది, వాడు పట్టించుకోలేదు.

లారీ మోరంపూడి జంక్షన్ దాటేదాకా నిలబడ్డాను. అప్పుడూ చెప్పలేదు. వాడి లెక్క తప్పు కావడం నాకు కావాలి. కానీ వాడు బిగించింది తన లెక్క చూసి కాదు, నన్ను చూసి.

14 ఫిబ్రవరి

సత్యవాణి ఒంట్లో బాగోలేదా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ కసిరాను.

15 ఫిబ్రవరి, శనివారం, ఉదయం 11

బూత్ నుంచి ఉదయ్‌భాస్కర్ గారి సెల్‌కి ఫోన్ చేశాను. మణికి ఇవ్వమన్నాను. పక్కన ఎవరైనా ఉంటే దూరంగా రమ్మన్నాను. పావు సంగతి, పిండి సంగతి, మొత్తం చెప్పాను. మర్చిపోయానని అబద్ధం చెప్పడానికి తయారై వెళ్ళాను. తీరా నోట్లోంచి నిజమే వచ్చింది. కావాలనే చెప్పలేదన్నాను.

వాడు ఒకటే అడిగాడు, మూడోదాంట్లో కచ్చితంగా ఎంతండి అని. ముప్పావు అన్నాను. సరేనండి అని పెట్టేశాడు.

16 ఫిబ్రవరి

సెకండ్ వచ్చింది. సెకనులో పదింట మూడు వంతుల తేడా. ఆరున్నర వేలు దాటితే ఇంజన్‌కి పెట్రోలు ఆగేలా మణిశంకర్ కట్ పెట్టాడట.

19 ఫిబ్రవరి

వచ్చారు. ఉదయ్‌భాస్కర్ గారు షెడ్డు గుమ్మంలోనే మొదలుపెట్టారు. పందెం ముందురోజు ఇతను జావగారిపోయాడయ్యా, ఏడున్నర వేలు తిరిగే బండిని ఆరున్నరకి కట్టేశాడు, లేకపోతే ఫస్టు మనదే అన్నారు. పక్క షెడ్లవాళ్ళు కూడా విన్నారు. మణిశంకర్ తల వంచుకుని, అవునండి, భయం వేసిందండి అన్నాడు. నా వైపు చూడలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

ఉదయ్‌భాస్కర్ గారు కారు తాళాలు నా చేతిలో పెట్టారు. వచ్చే ఏడాదికి ఇంజన్ అంతా నువ్వే చెయ్యి అన్నారు.

జూలై నుంచి నేను కోరుకుంది ఇదే. తాళాలు మేకుకి తగిలించాను.

1 మార్చి

మణిశంకర్ దగ్గరున్న రెండు కార్లూ ఓనర్లు వెనక్కి తీసుకెళ్ళిపోయారు. భయస్తుడట. వెనక సగం మళ్ళీ ఖాళీ.

6 మార్చి

స్పానర్లు పెట్టెలో సర్దుకుంటున్నాడు. మళ్ళీ చెన్నై వెళ్ళిపోతాడట. ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే మీ దగ్గరికి ఎవరొస్తారండి, ఈ ఊళ్ళో మీకున్నది ఈ షెడ్డే కదా, నాకైతే చెన్నై ఉంది అన్నాడు. మామూలుగా అన్నాడు, టీ తాగుతారా అన్నట్టు.

దీనికి కూడా కుళ్ళుకున్నాను. నాకైతే ఇది చేతకాదు. ఇందులో కూడా వాడే ముందున్నాడు.

రేపు తణుకు వెళ్తాను.

7 మార్చి

వెళ్ళాను. మిల్లు ఆఫీసులో ఉదయ్‌భాస్కర్ గారికి మొత్తం చెప్పాను. ఆయన విని నవ్వారు. స్నేహితుడి పరువు కోసం తప్పు తన మీద వేసుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారయ్యా అన్నారు. కాదండి, నిజమండి అన్నాను. ఊరుకోవయ్యా, మణిశంకర్ కంటే నువ్వే గొప్పోడివి అన్నారు.

టీ తెప్పించారు. తాగాను.