రోజల్ మెడలో తాడు

విస్కాన్సిన్, ఫిబ్రవరి 1889

అమ్మకు, వాల్బుర్గా రాసేది. అందరం ప్రాణాలతోనే ఉన్నాం, కంగారుపడకు.

ఈ ఏడు చలి ఆలస్యమైంది. చెరువు గడ్డకడితేనే మంచుపలకలు కోసి, ఆయన తన చేతులతో తవ్విన బీరు నేలమాళిగ నింపుకుంటాం. మంచు లేకపోతే వేసవికి సరుకంతా పులిసి పాడవుతుంది. నీ అల్లుడుగారు ఆగలేక పలచటి మంచు మీదికే గుర్రాన్ని తోలారు. మంచు విరిగి మా గుర్రం రోజల్ నీళ్లలో పడింది!

మంచు కోసే గుర్రాల మెడలో ఉచ్చుతాడు ఉంటుంది. నీళ్లలో పడితే దాన్ని బిగించాలి; ఊపిరి లోపలే నిలిచి గుర్రం తేలుతుంది. తాడు ఆయన చేతిలోనే ఉంది. "దాని గొంతు నేనెలా నులిమేది?" అని ఏడుస్తూ నిలబడిపోయారు.

పరుగెత్తుకొచ్చి తాడు లాక్కున్నది ఎవరనుకున్నావు? ఏప్రిల్‌లో ఊరి ఓటుతో మా బీరు కార్ఖానా మూయించాలని ఇంటింటికీ తిరుగుతున్న హాల్వోర్! బిగించాడు. రోజల్ తేలింది. అందరం కలిసి ఒడ్డుకు ఈడ్చాం. వేడి బీరు ఇవ్వబోతే కసిరాడు.

"బీరు వద్దన్నాను గానీ గుర్రాన్ని చావమన్నానా? నా ఓటు మాత్రం మీకు పడదు."

ఏప్రిల్‌లో ఓటు ఎటు పోతుందో తెలియదు. బీరుకు చేదునిచ్చే హాప్ తీగ వేళ్లు తడిగుడ్డలో చుట్టి పంపు, ఇక్కడివి చేదెక్కడం లేదు. నాన్న దగ్గు తగ్గిందా? పైకప్పు బాగుచేయించారా?

చర్చిలో హాల్వోర్ పేరున ఒక కొవ్వొత్తి వెలిగించు. అతని మనసు మార్చమని మాత్రం దేవుణ్ణి అడగకు. తాడు బిగించింది ఆ మొండి మనసే.

నాన్నకు నా ముద్దులు.
నీ వాల్బుర్గా