ఆడ సూర్యుడు, మగ గుట్ట

మహబూబాబాద్,
1949, వానాకాలం

రాజమల్లు మామకు, నీ చెల్లెలి బిడ్డ నిర్మల దండాలు.

దవాఖానలో నేను క్షేమం. అక్కడ నీ రైలు గేటు, అత్తమ్మ మోకాళ్లు క్షేమమని తలుస్తాను. మా జర్మనీ డాక్టరమ్మ కళ్లకు పొర కమ్ముతోంది. ఆమె మందుల పుస్తకాలన్నీ జర్మన్‌లోనే ఉన్నాయి. తప్పు మందు పడితే ప్రాణం పోతుంది కనుక నర్సుల్లో ఒకరు ఆ భాష చదవడం నేర్చుకోవాలంది. పని నా నెత్తిన పడింది.

మామా, ఆ భాషలో ప్రతి వస్తువూ మగో, ఆడో, రెండూ కానిదో. మగ అయితే ముందు డెర్, ఆడ అయితే డీ, ఏదీ కాకపోతే డాస్ పెట్టాలి. సూర్యుడు ఆడది. చంద్రుడు మగవాడు. సూది ఆడది, కత్తి ఏదీ కాదు. ఆడపిల్ల కూడా ఏదీ కాదు! గుర్తుండాలని మన తావులతో కలిపి చదువుకుంటున్నాను. ఊళ్ల పేర్లు నపుంసకం, కాబట్టి స్టేషన్ ఘన్‌పూర్ నపుంసకం. కొండలు మగ, కాబట్టి బయ్యారం గుట్ట మగవాడు.

ఇట్లు,
బట్టీ పట్టలేక చస్తున్న
నిర్మల

తాజాకలం: నువ్వు పొద్దంతా ఎత్తి దించే గేటు ఆడదట. అత్తమ్మకు తెలియనీయకు.


స్టేషన్ ఘన్‌పూర్

బిడ్డ నిర్మలకు మామ దీవెనలు.

నీ ఉత్తరం నాకంటే ముందు పోలీసు క్యాంపు వాళ్లు చదివారు. కవరు చింపి, మళ్లీ గంజితో అంటించి, నన్ను పిలిపించారు. క్యాంపు ఆఫీసరు కోస్తా మనిషి. నీ ఉత్తరం మీద ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి కూర్చున్నాడు.

"ఎవరయ్యా ఈ మగ గుట్ట?" అన్నాడు.

"గది గుట్టనే సారు. గుట్టకు మొగేంది, ఆడేంది? నాకు తెల్వది" అన్నాను.

"తెల్వదట, తెల్వది" అని జవాన్లతో కలిసి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. సూర్యుడు ఆడదంటే కమ్యూనిస్టుల్లో ఆడవాళ్ల దళం పగటిపూట కదులుతుందని, చంద్రుడు మగవాడంటే మగవాళ్ల దళం రాత్రి కదులుతుందని, బయ్యారం గుట్ట మీద మగదళం ఉందని తేల్చాడు. ఘన్‌పూర్ నపుంసకమంటే ఇక్కడ ఇంకా ఎవరూ చేరలేదని సంతోషించాడు.

అది ఉత్త చదువేనని వెంటనే వివరంగా రాయి. ఆయన చదువుతాడని గుర్తుపెట్టుకొని రాయి.

నీ మేలు కోరే
రాజమల్లు

తాజాకలం: ఊరు నపుంసకమన్న మాట బయటికి పొక్కింది. మగవాళ్లెవరూ నాతో మాట్లాడడం లేదు.


మహబూబాబాద్

మామకు, మామ కంటే ముందు చదివే ఆఫీసరు గారికి నమస్కారాలు.

అయ్యా, ఇది వ్యాకరణం మాత్రమే. ఇందులో ఏ దళమూ లేదు. ఏది మగో ఏది ఆడో చెప్పడానికి ఒక పద్ధతంటూ లేదు. లోపలివాళ్లకు పుట్టుకతో తెలుస్తుంది, బయటివాళ్లు బట్టీ పట్టాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. మగవాడిని ఎవరైనా పట్టుకుంటే, కొడితే, డెర్ కాస్తా డెన్‌గా మారుతుంది. ఆడదాన్ని పట్టుకున్నా, కొట్టినా డీ మారనే మారదు. ఇంతకంటే నాకు ఏమీ తెలియదు.

విధేయురాలు
నిర్మల

తాజాకలం: మామా, నువ్వు అత్తమ్మనూ మేకనూ ఒకే తీరుగా "అది వచ్చింది" అంటావు. జర్మన్ వాళ్లను చూసి మనం నవ్వడం న్యాయం కాదు.


స్టేషన్ ఘన్‌పూర్

నిర్మలా,

ఇది టపాలో వేయడం లేదు. రైలు గార్డు చేత పంపుతున్నాను.

నీ వివరణతో నా పని అయిపోయింది. "లోపలివాళ్లు" అనే మాట కింద ఆఫీసరు రెండు గీతలు గీశాడు. మగవాడు పట్టుబడితే పేరు మార్చుకుంటాడని, ఆడది ఎంత కొట్టినా నోరు విప్పదని అర్థం తీశాడు. నన్ను గోదాములో పెట్టి తాళం వేశారు. పక్క గదిలో మన ఊరి పక్క తండా సోమ్లాను కొడుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. వాడు దళానికి అన్నం పెట్టాడట. నా వంతు ఎప్పుడోనని తలుపు వైపే చూశాను.

ఆఫీసరు రెండు లారీల జవాన్లతో బయ్యారం గుట్ట ఎక్కాడు. అక్కడ దొరికింది తేనెతుట్టె. ముఖం వాచి దిగాడు. పై ఆఫీసరు వచ్చి సంగతి అడిగితే నీ ఉత్తరాలు చూపాడు. ఆయన నిజాం కాలంలో ఇక్కడ పోలీసు అధికారిగా చేసిన మన పాత అమీన్ సాబ్‌ను పిలిచి చదివించాడు.

అమీన్ సాబ్ మెల్లగా, "మా ఉర్దూల దర్వాజా మొగోడు, ఖిడికీ ఆడది. గిండ్ల ఎవ్వర్ని అరెస్టు చేస్తరు సాబ్?" అన్నాడు. పై ఆఫీసరు పడీ పడీ నవ్వాడు. నన్ను వదిలిపెట్టారు. సోమ్లాను వదల్లేదు.

నవ్వులపాలైన మనిషి ఊరుకోడు. భుజానికి తూటా తగిలిన దళం పిల్ల ఒకతి తప్పించుకుందట, ఆమె కోసం మీ దవాఖాన వెతకడానికి బయలుదేరుతున్నాడు. జాగ్రత్త బిడ్డా.

మామ

తాజాకలం: మీ అత్తమ్మ "ఇగ నన్ను అది అనకు, ఆమె అను" అంటోంది. మేక సంగతి నీవు రాయకుండా ఉండాల్సింది.


మహబూబాబాద్

మామకు,

గార్డు ఇచ్చిన నీ ఉత్తరం సమయానికి అందింది. ఇది కూడా ఆయన చేతే పంపుతున్నాను. చదివి కాల్చేయి.

ఆ పిల్ల ఇక్కడే ఉంది. పేరు నీలి, బయ్యారం దగ్గరి తండా పిల్ల. నీవు గోదాములో ఉన్నప్పుడు వచ్చింది. నీ ఉత్తరం చదివి వినిపించగానే డాక్టరమ్మ ఆమెకు గుండు గీయించి, మగవాళ్ల చొక్కా తొడిగి, జ్వరాల వార్డులో చివరి మంచం మీద పడుకోబెట్టింది.

ఆఫీసరు వచ్చాడు. ముఖంలో వాపు ఇంకా తగ్గలేదు. మంచం మంచం చూస్తూ చివరికి వచ్చి, "ఎవరీ మనిషి?" అన్నాడు.

"వాడు విషజ్వరం ఉన్నది. వాడు ముట్టుకోవద్దు" అంది డాక్టరమ్మ.

ఆఫీసరు ఆగాడు. "వాడా? మీ భాషలో ఆడదాన్ని మగాడంటారని నాకు తెలుసండి" అన్నాడు. దుప్పటి మీద చెయ్యి వేశాడు.

డాక్టరమ్మ కుర్చీ లాగి ఆయన ముందు వేసింది. "మీకు వ్యాకరణం ఇష్టమా? చాలా మంచిది. కూర్చోండి. సూర్యుడు నుంచి మొదలుపెడదాం. డీ జొన్నె..."

ఆయన చెయ్యి దుప్పటి మీది నుంచి లేచింది. "వద్దండి. సూర్యుడి ఊసు మళ్లీ నా దగ్గర ఎత్తొద్దండి" అని జవాన్లను పిలుచుకొని మెట్లు దిగిపోయాడు.

జీపు చప్పుడు దూరమైంది. అప్పుడు డాక్టరమ్మ, "నిర్మలా, ఆమె కట్టు మార్చు, రక్తం కారుతోంది" అంది. మామా, ఈ వార్డులో తెలుగు మాట్లాడుతూనే డాక్టరమ్మ తల నెరిసింది. 'వాడు', 'ఆమె' అనే మాటలు ఎన్నడూ తప్పలేదు. ఆ ఒక్క పూటే తప్పింది.

నీలి తెల్లవారకముందే వెళ్లిపోయింది. సోమ్లా గురించి పై ఆఫీసరుకు డాక్టరమ్మ ఉత్తరం రాసింది. జవాబు కోసం చూస్తున్నాం.

నీ
నిర్మల

తాజాకలం: వెళ్తూ వెళ్తూ నీలి, "అక్కా, జర్మన్ల తుపాకి మొగదా, ఆడదా?" అని అడిగింది. ఏదీ కాదన్నాను. "మంచిగైంది, ఎవ్వలైనా పట్టుకోవచ్చు" అంది.