పుట్టు వెంట్రుకలు తీయని పిల్లలు

హన్మకొండ,
12 ఆగస్టు 1984

చిరంజీవి తమ్ముడు వెంకట్రాజానికి అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, మీ బావా, నేనూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ మరదలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

అమ్మ కంటి సంగతి అడిగావు. ఆపరేషన్ అయ్యాక బాగానే కనిపిస్తోంది. "చీమలు పాకినట్టు రాస్తడు వాడు, గీ కన్నుతోటి ఎట్ల చదవాలె?" అని నీ అక్షరాలను తిడుతోంది.

ఇక నీ అసలు ప్రశ్న. మీ హైదరాబాదు దవాఖానకు వచ్చిన కూలీల బిడ్డ మెదడు తరంగాలు, మామూలు పిల్లలకు ఇలా ఉండాలని నేను వేసిన పట్టికతో కలవడం లేదనీ, బుద్ధిమాంద్యమని రాసివ్వమని మీ పెద్ద డాక్టరుగారు అంటున్నారనీ రాశావు. ఆ పట్టికలో పల్లె పిల్లలు ఎందరని అడిగావు.

ఒక్కరూ లేరు.

పదేళ్ళ కిందట నా పరిశోధనకు తీసుకున్న నూటపది మందీ బజారు దుకాణదారుల పిల్లలే. ఏడాది నిండకముందే గుండు చేయించుకొని వచ్చేవాళ్ళు. జిగురు పూసి తలకు తీగలు అంటించడం తేలిక. కూలీల పిల్లలకు మూడేళ్ళొచ్చినా పుట్టు వెంట్రుకలే. మల్లన్న గుడికి పోయి మొక్కు తీర్చి తీయించే వీలు చిక్కేదాకా అంతే. ఆ జుట్టు తాకనివ్వరనుకొని వాళ్ళను గుమ్మంలోంచే పంపించేశాను. వ్యాసంలో మాత్రం "తల్లులు అంగీకరించలేదు" అని రాశాను.

ఇంతవరకు మీ బావకు కూడా చెప్పలేదు. నేను ఒక్క తల్లినీ అడగలేదు.

నీ ఉత్తరం చూశాక ఉండబట్టలేక, వచ్చినవాళ్ళ పేర్లు గుమ్మం దగ్గర రాసుకున్న పాత రిజిస్టరులో ఊరు వెతుక్కొని నెక్కొండ వెళ్ళాను. అప్పుడు నేను పంపేసిన తల్లుల్లో మొగిలమ్మ ఒకతె. నాట్లు వేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. వెంట్రుకల మధ్య జిగురు పెడతానంటే ఒప్పుకునేదానివా అని అడిగాను.

"కొయ్యద్దంటం గని, జర జిగురు వెడితె మల్లన్న కొడతడా? నువ్వు అడిగితివా అమ్మా? పొద్దుగాల రైలెక్కి వస్తిమి. మొఖమన్న సూడకపోతివి" అని నవ్వింది. తిట్టినా బాగుండేది.

ఆచారాన్ని గౌరవించాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. లేక ఆ ఒత్తు జుట్టు పాయలు తీసే ఓపిక లేకనేనా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

ఆ బిడ్డ మెదడులో లోపముందో, నా పట్టికలోనే ఉందో చెప్పే ఆధారం నా దగ్గర లేదు. నీ దగ్గరా లేదు. సంతకం పెట్టకు. ఆ కాగితంతో ఊరికి పోతే ఏ బడీ ఆ బిడ్డను చేర్చుకోదు. ఎందుకు పెట్టవని పెద్ద డాక్టరుగారు అడిగితే ఈ ఉత్తరమే ఆయన చేతికివ్వు. కింద నా పేరు కనబడేలా ఇవ్వు.

ఇట్లు,
నీ అక్క
విజయలక్ష్మి